స్వారీ రింగ్ ఇసుక చదునుగా నిలవడం లేదా? దంతె కొనేముందు చువ్వ గుచ్చి చూడండి

రింగ్ పాడైందని ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది మొదట అడిగేది "ఏ దంతె కొనమంటారు?" అనే. దంతె అంటే ట్రాక్టర్ వెనక తగిలించి ఇసుకని దువ్వే పళ్ళ పరికరం. ఇసుక ఎంత మందం ఉందని తిరిగి అడిగితే "మూడంగుళాలు వేయించాం" అంటారు. వేయించినప్పటి సంగతి కాదు, ఇవాళ ఎంత ఉందో చెప్పమంటే జవాబుండదు. ఆ ఒక్క లెక్క తెలియకుండా ఏ పరికరం కొన్నా డబ్బు దండగే. పైగా చాలాసార్లు ఆ కొత్త పరికరమే రింగ్‌ని ఇంకా పాడు చేస్తుంది.

అందుకే ముందు ఈ పని చేయండి. ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుప చువ్వ ఒక అడుగున్నర ముక్క తీసుకోండి. కొన మొండిగా ఉండాలి, పదును పెట్టకూడదు. కొన నుంచి అరంగుళానికొకచోట ఇన్సులేషన్ టేపు చుట్టండి. ఇసుకలోకి నిలువుగా గుచ్చితే కింద గ్రావెల్ బెడ్, అంటే ఇసుక అడుగున తొక్కించి వేసిన గ్రావెల్ పొర, తగలగానే చేతికి తెలుస్తుంది. 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవున్న రింగ్‌లో ఐదేసి మీటర్లకి ఒకచోట గుచ్చుకుంటూ పోతే 45 చోట్లు వస్తాయి. కంచె పక్కన, గుర్రం నడిచే ట్రాక్ మధ్యన, మూలల్లో, జంప్ పెట్టే చోట గుచ్చడం మాత్రం మానకండి. అంకెలన్నీ గళ్ళ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే కింద చెప్పినవాటిలో మీది ఏదో దాదాపు తేలిపోతుంది.

పేడ ఎత్తేశారని, ట్రాక్టర్ లిఫ్ట్ సరిగా పనిచేస్తోందని అనుకుని మిగతాది చెబుతున్నాను.

లక్షణం: కంచె వెంబడి కాలువలా పల్లం, దాని పక్కన ఇసుక గట్టు

కారణం గుర్రాలే. రోజూ అదే దారిలో తిరుగుతుంటే డెక్కలు ఇసుకని పక్కలకి, ముఖ్యంగా కంచె వైపుకి, తోస్తాయి. ఇది ఏ రింగ్‌లోనైనా జరిగేదే. చేసే తప్పల్లా ఆ గట్టుని వదిలేసి మధ్యలో దంతె తోలడం. ముందు గట్టు మీది ఇసుకని ట్రాక్‌లోకి లాగాలి. ఇద్దరు మనుషులు పారలతో చేసే పని ఇది. ట్రాక్టర్‌తోనే చేయాలనుకుంటే ఏటవాలుగా తిప్పుకునే వెనక బ్లేడ్ తగిలించండి. దంతె ఆ తర్వాత. వారానికోసారి ఇది చేసేచోట ట్రాక్ సమస్య దాదాపు ఉండదు.

లక్షణం: దంతె తోలాక అలలు అలలుగా పడటం

మొదట వేగం చూడండి. మనిషి వడిగా నడిచే వేగం దాటితే దంతె ఎగురుతుంది, ఎగిరినచోటల్లా ఒక అల పడుతుంది. వేగం తగ్గించినా పోకపోతే హైడ్రాలిక్ లివర్లు చూడండి. మన వైపు ట్రాక్టర్లు పొలం దున్ని వచ్చినవే కాబట్టి డ్రాఫ్ట్ కంట్రోల్ వాడుకలో ఉంటుంది. దున్నేటప్పుడు అది మేలే, నేల బిగుతు పెరిగితే గొర్రుని దానంతట అదే కాస్త పైకెత్తుతుంది. రింగ్‌లో మాత్రం అదే చెరుపు. తడి ఇసుక దగ్గర ఎత్తి, పొడి ఇసుక దగ్గర దించుతూ పోతుంది. పెట్టిన ఎత్తులోనే లిఫ్ట్‌ని నిలిపి ఉంచే పొజిషన్ లివర్ మీదికి మార్చుకోండి.

అప్పటికీ అలలు పోలేదంటే దంతెకి సొంత చక్రాలు లేవన్నమాట. ట్రాక్టర్ వెనక చక్రం గుంటలోకి దిగితే దంతె కూడా దిగుతుంది, గట్టెక్కితే అదీ ఎక్కుతుంది. ఉన్న ఎగుడుదిగుడుల్నే మళ్ళీ గీస్తుంది తప్ప సరిచేయదు. రెండు పక్కలా తన చక్రాలు తనకున్న పొడవాటి ఫ్రేమే దీనికి మందు.

లక్షణం: ఎంత దువ్వినా నేల గట్టిపడిపోవడం, ఇసుక ఎర్రబారడం

దీని గురించి వివరంగా చెప్పాలి. నేను చూసిన పాడైన రింగుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు పెట్టించింది ఇదే. దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, అందరూ మందు అనుకుని చేసే పనే రోగాన్ని పెంచుతుంది.

ఇలా మొదలవుతుంది. దంతె పళ్ళ లోతుని ఎక్కడ నిలబడి సరిచేస్తారు? రింగ్ మధ్యలో, ట్రాక్టర్ ఆగిన చోట. అక్కడ ఇసుక నాలుగంగుళాలు ఉంటుంది, పళ్ళని రెండున్నర అంగుళాలకి దించుతారు. అక్కడికది సరైన లోతే. కానీ ట్రాక్ మీద ఇసుక పక్కకి పోయి ఒకటిన్నర అంగుళమే మిగిలి ఉంటుంది. అదే లోతులో దంతె ట్రాక్ మీదికి రాగానే పళ్ళు అంగుళం మేర గ్రావెల్ బెడ్‌లోకి దిగి చీలుస్తాయి. పైన చూస్తే ఏమీ తెలియదు, చక్కగా దువ్వినట్టే ఉంటుంది. లోపల మాత్రం చాళ్ళు పడి, ఎర్రమట్టి కొంచెం కొంచెంగా ఇసుకలోకి లేస్తుంది.

మన దగ్గర వాడే ఎర్ర గ్రావెల్‌లో బంకమన్ను పాలు ఎక్కువ. వాన పడితే అది ఇసుక రేణువుల మధ్య పేస్టులా పట్టుకుంటుంది, ఎండ కాస్తే బిగుస్తుంది. అప్పుడు గుర్రాలు చూసే అబ్బాయి వచ్చి "ఇసక గట్టిపడిపోనాది బాబూ, ఇంకాస్త లోతుగా దువ్వించండి" అంటాడు. ఆ మాట సబబుగానే తోస్తుంది. పళ్ళు ఇంకో అరంగుళం దిగుతాయి, బెడ్ ఇంకాస్త చీలుతుంది, మట్టి ఇంకాస్త లేస్తుంది. అక్టోబర్, నవంబర్ తుపాను వానలు వచ్చేసరికి ఆ చాళ్ళలో నీళ్ళు నిలిచి, గుర్రం కాలు ఒకచోట దిగబడి ఇంకోచోట జారుతుంది. ఇసుక పాడైందనుకుని యజమాని కొత్త ఇసుక తెప్పిస్తాడు. 20కి 40 మీటర్ల రింగ్‌కి అంగుళం మందం వేయాలన్నా వంద ఘనపుటడుగుల యూనిట్ లెక్కన ఏడు యూనిట్లు, మూడంగుళాలకి ఇరవై ఒకటి. బెడ్ చీలి ఉండగా పైన పోసిన ఆ కొత్త ఇసుక కూడా ఒక్క వానాకాలంలో ఎర్రబారుతుంది.

ఇదేనని తేల్చుకోవడానికి గుర్తులున్నాయి. దంతె పళ్ళ కొనలు చూడండి. ఇసుకలోనే తిరిగినవి నున్నగా మెరుస్తుంటాయి, బెడ్‌ని తాకినవాటికి ఎర్రమట్టి అంటుకుని ఉంటుంది. ట్రాక్ మీద అడుగు వెడల్పు మేర ఇసుకని చేత్తో తప్పించి బెడ్ చూడండి, దంతె వెళ్ళిన దిశలో సమానదూరంలో గీతలుంటే ఇంక అనుమానం అక్కర్లేదు. ఇసుకలో మట్టి ఎంత కలిసిందో తెలియాలంటే గాజు సీసాలో సగం వరకు ఆ ఇసుక, మిగతా సగం నీళ్ళు పోసి బాగా కుదిపి రాత్రంతా వదిలేయండి. ఇసుక అడుగున చేరుతుంది, మట్టి దానిపైన వేరే పొరగా పేరుకుంటుంది. రింగ్ మధ్య నుంచి తీసిన ఇసుకతోనూ ఇలాగే చేసి రెండు సీసాలూ పక్కపక్కన పెట్టండి.

లోతు సరిగ్గానే పెట్టాం, అయినా పళ్ళు బెడ్‌కి తగిలాయంటే టాప్ లింక్, అంటే దంతెని పైభాగాన ట్రాక్టర్‌కి కలిపే కడ్డీ, చూడాలి. టాప్ లింక్ పొట్టిగా బిగిస్తే దంతె ముందుకి వంగి ముందు వరస పళ్ళు ఎక్కువ లోతుకి పోతాయి. కుడివైపు లిఫ్ట్ రాడ్‌ని (ట్రాక్టర్ కింది లింకుని ఎత్తే కడ్డీ) ఎవరో పొలం పనికి తిప్పి వదిలేసి ఉన్నా, వెనక టైర్లలో గాలి తేడా ఉన్నా ఒక పక్క ఎక్కువ దిగుతుంది. సిమెంటు గచ్చు మీద దంతె దించి, నాలుగు మూలలా పళ్ళు ఒకేసారి నేలకి ఆనుతున్నాయో లేదో చూస్తే ఈ మూడూ బయటపడతాయి.

బాగుచేయడం ఇలా. ముందు పళ్ళు పూర్తిగా ఎత్తేయండి. బెడ్ సరిచేసేదాకా గొలుసుల వల గానీ చదును చేసే పట్టీ గానీ తప్ప ఏదీ తోలొద్దు. గళ్ళ కాగితం చూసి చీలిన భాగం మీది ఇసుకని తీయించండి. బాగా ఎర్రబారిన ఇసుకని రింగ్‌లోకి తిరిగి రానివ్వకండి, దారుల మీద పోసుకోవచ్చు. చాళ్ళలో ఇసుక నింపడం అందరూ చేసే తప్పు, అది నీళ్ళు పట్టి ఉంచుతుంది. బెడ్ దేనితో వేశారో ఆ గ్రావెల్‌లోనే క్రషర్ డస్ట్ కలిపి, తడిపి, రెండేసి అంగుళాల పొరలుగా వేస్తూ ప్లేట్ వైబ్రేటర్‌తో తొక్కించండి. వాలు సరిగా ఉందో లేదో తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబ్‌తో చూస్తే చాలు. వెడల్పు వాలు నూటికి ఒకటి అయితే 20 మీటర్లకి 20 సెంటీమీటర్ల దిగువ రావాలి. అది ఆరి గట్టిపడ్డాకే ఇసుక వేయండి.

ఆ తర్వాత పళ్ళ లోతుని రింగ్ మధ్యలో కాదు, మీ కాగితంలో అన్నిటికన్నా తక్కువ అంకె ఉన్నచోట సరిచేయాలి. అక్కడ పళ్ళ కింద కనీసం అంగుళం ఇసుక మిగలాలి. రెండు మూడు మీటర్లు తోలి, ఆపి, దిగి, చేత్తో తవ్వి చూడండి. ట్రాక్టర్ దిగడానికి బద్ధకించేచోటే బెడ్‌లు పోతున్నాయి.

లక్షణం: ఒకవైపు ఇసుక లోతు, ఇంకోవైపు పలచన

పొలాల్లో వాడే లేజర్ లెవలర్ అద్దెకి తెచ్చి ఇసుకని చదును చేయించినచోట ఇది వస్తుంది. అది వరిమడిని ఎలా చేస్తుందో అలాగే పూర్తి మట్టంగా చేస్తుంది. కింద బెడ్‌కి వాలుంది కాబట్టి దిగువ వైపు ఇసుక పేరుకుపోతుంది. లేజర్ వాడాల్సింది బెడ్ వేసేటప్పుడు, అదీ వాలు పెట్టి. ఇసుక ఎప్పుడూ బెడ్ వాలునే అనుసరించాలి.

ఇక ఏం కొనాలి

నాలుగైదు గుర్రాలు తిరిగే రింగ్‌కి బరువైన గొలుసుల వల, దాని ముందు ఒక ఇనుప పట్టీ ఉంటే రోజువారీ పని గడిచిపోతుంది. స్కూల్ నడిపేవాళ్ళకి, రోజంతా గుర్రాలు తిరిగే చోట్లకి మాత్రం పళ్ళు, పట్టీ, వెనక రోలర్ మూడూ ఒకే ఫ్రేమ్‌లో ఉన్న దంతె కావాలి. విదేశాల నుంచి తెప్పించాల్సిన పని లేదు. ట్రాలీలు, గొర్లు తయారుచేసే షెడ్లలో చేయించుకోవచ్చు. కానీ ఈ నాలుగూ అడిగి చేయించండి. రెండు పక్కలా స్క్రూ జాకీతో ఎత్తు మార్చుకునే చక్రాలు, పళ్ళ లోతు పట్టీతో సంబంధం లేకుండా విడిగా మార్చుకునే ఏర్పాటు, ఇసుక పక్కకి జారకుండా చివరల పలకలు, ట్రాక్టర్ టైర్ల అచ్చుల్ని కప్పేలా రెండు వైపులా మూడేసి అంగుళాలు ఎక్కువ వెడల్పు. మొదటి రెండూ లేనిదాన్ని చవకగా వస్తోందని తీసుకోకండి.

లాగడానికి 20 - 25 హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్ సరిపోతుంది. పొలం ట్రాక్టర్ బరువుకి మూలల్లో తిప్పినప్పుడల్లా ఇసుక గీసుకుపోతుంది. తొమ్మిది పళ్ళ గొర్రు, రోటవేటర్, డిస్క్ హారో రింగ్ గేటు దాటి లోపలికి రాకూడదు. ఇసుక కలియబెట్టడానికి ఒక్కసారే కదా అని రోటవేటర్ తోలించినవాళ్ళ బెడ్ ఆ ఒక్కసారికే పోయింది.

చిన్నాచితకా

దుమ్ము లేస్తుంటే దంతె కాదు, నీళ్ళు కావాలి. కొంచెం తడి ఉన్నప్పుడే తోలండి. తేమ పట్టి ఉంచుతుందని నౌపడ ఉప్పు చల్లేవాళ్ళున్నారు. పరికరాలు తుప్పు పడతాయి, డెక్కలు ఎండిపోతాయి, నేనైతే వద్దంటాను. ఉద్దానం కొబ్బరి పొట్టు కలిపితే వేసవి గడుస్తుంది గానీ మన వానలకి కుళ్ళి బురదవుతుంది.

గుర్రం కాలు ప్రతి అడుగుకీ దిగబడుతుంటే ఇసుక నాలుగంగుళాలు దాటిందేమో చూడండి. అంత లేకపోయినా దిగబడుతుంటే గుండ్రటి రేణువుల ఇసుక అది. సముద్రపు ఒడ్డు ఇసుక అసలే పనికిరాదు. దుమ్ము కడిగేసిన రోబో శాండ్ కొంత కలిపితే పట్టు వస్తుంది.

బెడ్‌కీ ఇసుకకీ మధ్య పరిచిన గుడ్డ పైకి కనిపిస్తే ఆ రోజుకి ట్రాక్టర్ ఆపేసి, ఆ ముక్క సరిచేశాకే మొదలుపెట్టండి. ఒక్కచోటే హఠాత్తుగా నేల కుంగితే పందికొక్కు బొరియ అయి ఉంటుంది, తవ్వి గ్రావెల్ కొట్టించండి.