క్విన్స్ బోన్సాయ్: మొగ్గ విచ్చకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

చలి దేశాల్లో ఉంటూ, ఆపిల్, బేరి కుటుంబానికి చెందిన క్విన్స్ చెట్టును బోన్సాయ్‌గా కుండీలో పెంచుదామనుకునే మనవాళ్లు నన్ను ముందుగా అడిగేది "చలికి తట్టుకుంటుందా?" అని. తట్టుకుంటుంది. ఆకు రాల్చేసి, వేర్లు మరీ గడ్డకట్టకుండా గ్యారేజీలో ఒక మూల ఉంచితే జనవరి గడిచిపోతుంది. నేను భయపడేది ఏప్రిల్, మే నెలలకి. పూలు విచ్చి, చిగుళ్లు లేతగా ఉండి, వెచ్చటి వానలు పడే ఆ ఆరేడు వారాల్లోనే ఈ చెట్టు ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు తొందరపడి లాభం లేదు. చేయాల్సిన పనంతా మార్చిలోనే అయిపోవాలి.

నేను న్యూజెర్సీలో పెంచుతున్నవి రెండు. ఒకటి చైనీస్ క్విన్స్, జపాన్‌లో కరిన్ అంటారు. దీని బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి ఆకుపచ్చ, బూడిద, గోధుమ రంగు మచ్చలు తేలతాయి. చెట్టు ఆకు లేకుండా నిలబడ్డప్పుడు కూడా చూడబుద్ధేస్తుంది. రెండోది చోజుబాయ్, జపనీస్ క్విన్స్‌లో గుబురుగా పెరిగే పొట్టి రకం, ఎర్రటి చిన్న పూలు. పేర్లు కలుస్తాయి కానీ రెండింటి స్వభావం వేరు. అది ఎక్కడెక్కడ తేడా వస్తుందో చెబుతాను.

మొదటి శత్రువు ఫైర్ బ్లైట్. ఇది ఎర్వినియా అమైలోవోరా అనే బాక్టీరియా వల్ల వస్తుంది. 1780ల్లో ఇక్కడికి దగ్గర్లోనే, న్యూయార్క్ హడ్సన్ లోయలోని పండ్ల తోటల్లో దీన్ని మొదట గమనించారు. ఆపిల్, బేరి, క్విన్స్ అన్నీ ఒకే కుటుంబం కాబట్టి అన్నిటికీ వస్తుంది. చైనీస్ క్విన్స్‌ని అయితే మరీ పట్టి పీడిస్తుంది. లోపలికి వచ్చే దారి విచ్చిన పువ్వు. పగటి వేడి 18 డిగ్రీలు దాటి, పువ్వు మీద తడి పడిందంటే చాలు. తేనెటీగలూ, వాన చినుకులూ ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి మోసుకెళ్తాయి. ముందు పువ్వు నల్లబడుతుంది, తర్వాత రెమ్మ కొస చేతికర్ర పిడిలా వంగి వేలాడుతుంది. ఆకులు కాలినట్టు మాడిపోయినా రాలవు. తెల్లవారుజామున దగ్గరగా చూస్తే రెమ్మ మీద తేనె రంగు బంక చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్క నిండా బాక్టీరియానే.

రెండేళ్ల కిందట పూలున్న కరిన్‌కి సాయంత్రం పూట పైనుంచి గొట్టంతో నీళ్లు పట్టాను. ఆ తర్వాత మూడు రోజులు వెచ్చటి ముసురు. పదిహేను రోజులకి ఎడమవైపు మొదటి కొమ్మ పోయింది. ఆరేళ్లు లోహపు తీగ చుట్టి, విప్పి, తీర్చిన కొమ్మ అది. తోటల్లో అయితే మాడిన చోటికి 20 నుంచి 30 సెంటీమీటర్లు కిందికి కోయమంటారు. నా చెట్టు మొత్తం ఎత్తే 45 సెంటీమీటర్లు. అందుకే కొమ్మ మీద జాలి పడకుండా కాండం దగ్గర చిన్న మోడు వదిలి కోసేశాను. ఆ మోడును చలికాలంలో, చెట్టు నిద్రలో ఉన్నప్పుడు తీసేశాను. కాండం బతికింది.

కాబట్టి ఇప్పుడు నేను పాటించేవి ఇవి. ఇంకా రూపం దిద్దుకుంటున్న చెట్టుకి పూలు ఉంచను, మొగ్గ గులాబీ రంగు తేలగానే గిల్లేస్తాను. రూపం కుదిరిన చెట్టుకి నాలుగైదు పూలు చాలు. పూత ఉన్నన్నాళ్లూ నీళ్లు మట్టికే, అదీ పొద్దున్నే. నత్రజని ఎక్కువున్న ఎరువు వసంతంలో అసలు వేయను. లేతగా, నీరుపట్టి సాగిన చిగురే ఈ తెగులుకి ఇష్టం. తడి రోజున కత్తెర పట్టను. పట్టినా ఒక్కో కోతకీ మధ్య 70 శాతం ఆల్కహాల్‌తో తుడుస్తాను. బ్లీచ్ కూడా పనిచేస్తుంది కానీ మంచి కత్తెర తుప్పు పడుతుంది. చోజుబాయ్ ఉన్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోండి. అది వేసవిలోనూ అప్పుడప్పుడూ పూస్తుంది. వేడీ తడీ కలిసిన జులైలో పూసే ఆ పూలు అందంగానే ఉంటాయి, గిల్లేయండి.

రెండోది తుప్పు తెగులు. బోన్సాయ్ వాళ్లకి ఇది ప్రత్యేకంగా ఎందుకు ముఖ్యమంటే, దీన్ని తెచ్చే శిలీంధ్రం సగం జీవితం జునిపర్ అనే సతతహరిత చెట్టు మీద గడుపుతుంది, మిగతా సగం క్విన్స్, బేరి, ఆపిల్ లాంటి చెట్ల మీద. మన బల్లల మీద ఎక్కువగా ఉండే చెట్టేమో జునిపర్! పోయిన ఏప్రిల్లో రాత్రంతా వాన కురిసి వెలిశాక, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు వరండాలోంచి పిలిచారు. "అమ్మాయ్, ఈ కొమ్మకి జున్ను ముక్కల్లా ఏవో అంటుకున్నాయి, చూడు" అన్నారు. వెళ్లి చూస్తే జునిపర్ రెమ్మ ఉబ్బినచోట నారింజ రంగు జిగురు, వేలితో తాకితే మెత్తగా వణుకుతోంది. ఎండ వచ్చేసరికి ఎండి ముడుచుకుపోయింది. ఆ తడి గంటల్లోనే దాని బీజాలు గాలిలో లేస్తాయి, కిలోమీటరు పైన కూడా వెళ్తాయి. జపాన్‌లో బేరి తోటలున్న కొన్ని ఊళ్లలో జునిపర్ నాటకూడదని స్థానిక నియమాలే ఉన్నాయి.

క్విన్స్ ఆకు మీద ముందు పసుపు, నారింజ చుక్కలు పడతాయి. ఇక్కడి తూర్పు తీరంలో ఈస్టర్న్ రెడ్ సీడర్ (పేరు సీడర్ అయినా ఇదీ జునిపరే) నుంచి వచ్చే తుప్పు జాతి అయితే ఆకు కన్నా కాయనీ లేత రెమ్మనీ ఎక్కువ పాడుచేస్తుంది. ఒక ఊరట ఉంది: క్విన్స్ నుంచి ఇంకో క్విన్స్‌కి ఇది అంటదు, మళ్లీ జునిపర్ మీదికే వెళ్లాలి. అందుకని మార్చిలో ప్రతి జునిపర్‌నీ చేతిలోకి తీసుకుని, ఉబ్బిన రెమ్మలు వెతికి కోసి చెత్తలో పడేయండి, ఎరువు గుంతలో వేయొద్దు. జునిపర్, క్విన్స్ కుండీలు పక్కపక్కన పెట్టకండి. దూరం పెట్టినంత మాత్రాన పూర్తి రక్షణ రాదు, వీధి చివర రెడ్ సీడర్ ఉంటే మీ చేతిలో ఏమీ ఉండదు. అలాంటిచోట మొగ్గ రంగు తేలినప్పటి నుంచి మైక్లోబ్యూటనిల్ లాంటి శిలీంధ్రనాశక మందు సీసా మీద రాసిన మోతాదులో, రాసినన్ని రోజులకొకసారి కొట్టాలి. ఈ మందు ఫైర్ బ్లైట్‌కి పనిచేయదు, అది బాక్టీరియా. పూత మీద పురుగుమందు మాత్రం ఎవరూ కొట్టొద్దు, తేనెటీగలు పోతాయి.

కుండీ మార్చే కాలం దగ్గర చాలామంది పొరబడతారు. చైనీస్ క్విన్స్ చాలా తొందరగా నిద్ర లేస్తుంది, కాబట్టి మొగ్గ ఉబ్బుతుండగానే, ఫిబ్రవరి చివర లేదా మార్చి మొదట్లో మార్చేయాలి. ఆ తర్వాత మంచు పడే రాత్రి లోపలికి తెచ్చి, పొద్దున్నే బయట పెట్టాలి. చోజుబాయ్‌ని మాత్రం సెప్టెంబర్లో మార్చండి. జపాన్‌లో దీనికి శరదృతువే మంచిదంటారు. వసంతంలో కోసిన వేర్లకి క్రౌన్ గాల్ అనే బుడిపెల తెగులు అంటుకునే భయం ఎక్కువ. వేరు మొదట్లో గరుకైన బుడిపె కనిపిస్తే కోసి, గాయానికి పేస్ట్ పూసి, ఆ పాత మట్టి పారేయండి. ఆ కత్తెరతో ఇంకో చెట్టు ముట్టకండి.

తీగ చుట్టడం మే చివర, ఈ ఏటి రెమ్మ సగం ముదిరినప్పుడు. ముదురు కొమ్మ పుటుక్కున విరుగుతుంది. చోజుబాయ్‌కి ముళ్లుంటాయి, కళ్లజోడు పెట్టుకోండి.

కాయ విషయం. బోన్సాయ్‌లో ఆకు చిన్నదవుతుంది, కాయ కాదు. చైనీస్ క్విన్స్ కాయ కుండీలోనూ పిడికిలి దాటుతుంది. చెట్టుకి ఒక్కటే ఉంచండి, దాన్ని కొమ్మ మీద కాండానికి దగ్గరగానే ఉంచండి. పోయినేడు జబ్బు చేసిన చెట్టుకి ఈ ఏడు ఒక్కటి కూడా వద్దు. జబ్బు చేశాక నా కరిన్‌కి ఇది రెండో ఏడు, ఈసారి ఒక కాయ వదులుతున్నాను. అక్టోబర్లో పసుపెక్కితే ముందుగదంతా వాసన నిండుతుంది.