బట్టల దుకాణంలో సిబ్బంది మనసు పెట్టి పనిచేయాలంటే యజమాని ఏం చేయాలి?

ఆషాఢం సేల్‌కు మనుషులు చాలడం లేదని, పని నేర్పిన కుర్రాళ్లు నాలుగు నెలలు తిరక్కుండానే పక్క షోరూమ్‌లో చేరిపోతున్నారని బట్టల వ్యాపారులు తరచూ వాపోతుంటారు. వారిలో చాలామందికి వెంటనే తోచే ఉపాయం ఇన్సెంటివ్ పెంచడం, లేదంటే నెలకొకరిని ఉత్తమ ఉద్యోగిగా ఎంపిక చేసి ఫొటో తగిలించడం. ఇలాంటి దుకాణాల జీతాల లెక్కలు చాలా ఏళ్లు రాసినవాడిగా నేను చెప్పేది ఒక్కటే: ముందు సిబ్బంది మనసు విరిచే పనులు మానాలి, బహుమతుల సంగతి ఆ తర్వాత చూడాలి.

అన్నిటికంటే ముందు సరిచేసుకోవలసింది జీతం తేదీ. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు అందాలని చట్టం చెబుతోంది. ఇంటి అద్దె, చిట్టీ, బండి వాయిదా అన్నీ మొదటి వారంలోనే కట్టవలసి ఉంటుంది కాబట్టి, పదో తేదీ దాకా జీతం అందని మనిషి కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నా అతని ఆలోచనంతా చేబదులు ఎవరిని అడగాలా అన్నదాని మీదే ఉంటుంది. ఒక తేదీ ఖాయం చేసుకోండి, ఆ రోజు సెలవు వస్తే ముందురోజే ఇచ్చేయండి. అడ్వాన్సు ఎవరికి, ఎంతవరకు ఇస్తారో, నెలకు ఎంత చొప్పున మినహాయిస్తారో కాగితం మీద రాసి అందరికీ ఒకే తీరున అమలు చేయండి. పది మంది, అంతకు మించి సిబ్బంది ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల కోసం ప్రభుత్వం నడిపే బీమా) వర్తించే దుకాణంలో, నెలకు రూ. 21,000 వరకు జీతం ఉన్నవారి నుంచి 0.75 శాతం మినహాయించి, యజమాని 3.25 శాతం కలిపి కట్టాలి. ఈ సంగతి చెప్పని చోట ఆ మినహాయింపు సిబ్బందికి అన్యాయంగా తోస్తుంది. వారిని కూర్చోబెట్టి, ఇంటిల్లిపాదికీ వైద్యం అందుతుందని, దగ్గరలోని డిస్పెన్సరీ ఎక్కడుందో వివరించి, కార్డు చేతికిస్తే అదే డబ్బు వారికి భరోసాగా కనిపిస్తుంది.

షార్టేజీ, అంటే స్టాకులో సరుకు తక్కువైందన్న పేరుతో అందరి జీతాల్లో కోయడం నేను చూసిన తప్పుల్లోకెల్లా పెద్దది. నేను లెక్కలు చూసిన ఒక దుకాణంలో స్టాకు సరిచూసినప్పుడు ఒక పట్టుచీర తక్కువైందని, ఆ అంతస్తులో పనిచేసే తొమ్మిది మంది జీతాల్లోనూ దాని ధర సమానంగా పంచి కోశారు. ఆ పట్టీ రాసింది నేనే. దసరాకు అద్దాల బీరువా దులుపుతుంటే ఆ చీర మరో చీర మడతలోనే దొరికింది. డబ్బు తిరిగి ఇచ్చారు గానీ, అప్పటికే ముగ్గురు మానేశారు. మిగిలినవారు కొత్త చీర విప్పి చూపించడానికే జంకేవారు. నష్టం ఎవరి వల్ల జరిగిందో తేలకుండా, అతని వివరణ వినకుండా జీతంలో కోయడానికి చట్టం కూడా ఒప్పుకోదు. అందుకని వారానికి ఒకసారి ఒక్కో బీరువా చొప్పున సిబ్బందితో కలిసే స్టాకు సరిచూసుకోండి. తేడా వస్తే ఆ వారంలోనే తెలిసిపోతుంది.

తర్వాతది కుర్చీ. ఒక్క కొనుగోలుదారు కోసం నలభై చీరలు విప్పి, భుజం మీద వేసి చూపి, ఆమె ఏదీ కొనకుండా వెళ్లిపోయాక వాటన్నిటినీ మళ్లీ అంచులు కలిపి మడిచే అమ్మాయి, పొద్దున పదింటి నుంచి నిలబడే ఉంటుంది. కూర్చునే హక్కు కోసం కోళికోడ్ బట్టల దుకాణాల్లోని మహిళలు పోరాడాక కేరళ 2018లో, ఆ తర్వాత తమిళనాడు 2021లో సిబ్బందికి ఆసనాలు తప్పనిసరి చేస్తూ చట్టాలను సవరించాయి. మన దగ్గర ఎవరో అడిగేదాకా ఎందుకు ఆగాలి? కౌంటర్ వెనుక నాలుగు స్టూళ్లు వేయించి, గిరాకీ లేనప్పుడు కూర్చోవచ్చని మీరే నోటితో చెప్పండి. మీరు చెప్పనిదే ఎవరూ కూర్చోరు. ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి, కాస్త నిదానంగా అన్నం తినే చోటు కూడా ఇంతే అవసరం.

తప్పు జరిగితే కొనుగోలుదారు ఎదుట మందలించకండి. బిల్లు అయ్యాక లోపలికి పిలిచి, జరిగినదాని గురించి మాత్రమే మాట్లాడండి. సీజన్‌లో రాత్రి ఆలస్యమైతే అదనపు గంటలకు రెట్టింపు వేతనం లెక్కగట్టి ఇవ్వండి, ఇల్లు చేరడానికి ఆటో ఏర్పాటు చేయండి. వారపు సెలవు ఎవరికి ఏ రోజో నెల ముందే చెప్పండి.

ఇవి కుదిరాకే ఇన్సెంటివ్‌కు అర్థముంటుంది. ఎవరు అమ్మితే వారికే అని పెడితే, గుమ్మంలోకి వచ్చిన మనిషి కోసం ఇద్దరు పోటీ పడతారు, మడతలు పెట్టేవారికీ గోడౌన్ నుంచి మోసుకొచ్చేవారికీ ఏమీ మిగలదు. కౌంటర్ మొత్తానికి లక్ష్యం పెట్టి, వచ్చినదాన్ని అందరికీ పంచే పద్ధతి నాకు మేలనిపించింది. లక్ష్యాన్ని నెల మధ్యలో పెంచకండి, అలా ఒక్కసారి చేసినా మీ మాట మళ్లీ నమ్మరు. ఇరవై మంది, అంతకు మించి ఉన్న చోట అర్హులైనవారికి 8.33 శాతానికి తగ్గకుండా బోనస్ ఇవ్వడం చట్టబద్ధమైన బాధ్యత. దాన్ని దసరా కానుకగా చెప్పుకోవడం సరికాదు.

పనిపై ఇష్టం పెరగాలంటే సరుకు గురించి నేర్పాలి. ఏడాదికి ఒకసారైనా మీ వాళ్లను గద్వాలకో పోచంపల్లికో తీసుకెళ్లి మగ్గం చూపించండి. గద్వాల చీరలో నూలు ఒడలుకు పట్టు అంచును ఎలా అతుకుతారో కళ్లారా చూసిన అమ్మాయి మర్నాటి నుంచి ధర చెప్పే ముందు ఆ అతుకును వేలితో చూపిస్తుంది. పొద్దున షాపు తెరిచే ముందు పది నిమిషాలు అందరినీ నిలబెట్టి, నిన్న వచ్చినవారు అడిగినా మన దగ్గర లేనిది ఏమిటో అడగండి, విన్నది రాసుకోండి, సరుకు కొనడానికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళ్లండి. ఆ రంగు చీర వచ్చిన రోజున, అది ఎవరు చెబితే తెచ్చారో నలుగురిలో చెప్పండి.

ఇంత చేసినా కొందరు వెళ్లిపోతారు. వెళ్లేవారి లెక్క రెండు పనిదినాల్లో తేల్చి, రావలసినది చేతికిచ్చి, సర్టిఫికెట్ రాసివ్వండి, శ్రావణానికి మనుషులు కావలసినప్పుడు వారికే మొదట ఫోన్ చేయండి.