స్క్రాప్ యార్డులో సామాను పోతోందా? ముందు ఏం పోయిందో చూడండి

వరంగల్ ఆటోనగర్‌లోనో, ములుగు రోడ్డు మీదో పాత బండ్ల యార్డు నడిపేవాళ్లు దొంగతనం జరగగానే ఇంకో రెండు సీసీ కెమెరాలు కొంటారు. కొనండి, వద్దనను. కానీ అంతకంటే ముందు పోయిన సామాను ఏది, ఎంత బరువుంటుంది, విప్పడానికి ఎంతసేపు పడుతుంది అని చూసుకోండి. లారీ గేర్ బాక్సు గోడ దూకి పోదు. కారు సెల్ఫ్ మోటార్ చేసంచిలో పట్టేస్తుంది. పోయిన వస్తువును బట్టి అది పోయిన దారి తెలుస్తుంది. దారి తెలిశాకే డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో తేలుతుంది.

సమస్య: బ్యాటరీలు, సెల్ఫ్ మోటార్లు, వైరింగ్ కొద్దికొద్దిగా తగ్గుతున్నాయి

తాళం సరిగ్గానే ఉంది, గోడకు కన్నం లేదు, కుక్కలు మొరగలేదు. ఇలాంటిది ఎక్కువగా పగటిపూట, యార్డుకు రోజూ వచ్చిపోయేవాళ్ల చేతి మీదే జరుగుతుంది. పనివాళ్లలో ఒకరు కావచ్చు, పార్టు వెతుక్కుంటూ వచ్చిన మెకానిక్ వెంట ఉన్న పిలగాడు కావచ్చు. అట్లాగని అందర్నీ అనుమానించి పని చెడగొట్టుకోవద్దు. అసలు పోయింది మీ దగ్గరేనా, బండి వచ్చేటప్పటికే లేదా అన్నది ముందు తేల్చండి.

దానికి బానెట్ ఎత్తి కోసిన వైరు కొస చూడాలి. రాగి ఎర్రగా మెరుస్తుంటే ఈ మధ్య కోసిందే. గోధుమ రంగుకు తిరిగి మసకబారితే పాత కోత. బోల్టు విప్పిన చోట కూడా అంతే. చుట్టూ గ్రీజు, దుమ్ము పేరుకుని ఉండి, వాషర్ కూర్చున్నంత మేర మాత్రం గుండ్రంగా శుభ్రంగా కనిపిస్తే అది తాజా పని. ఇనుము కోత మాత్రం వానాకాలంలో నమ్మలేం, ఒకటి రెండు రోజుల్లోనే తుప్పు పట్టి పాతదానిలా కనిపిస్తుంది. వేలంలో కొన్న బండ్లలోనూ, ఫైనాన్స్ వాళ్లు జప్తు చేసి ఎక్కడో నెలల తరబడి నిలిపిన బండ్లలోనూ సామాను ముందే ఖాళీ అయి ఉండటం మామూలే. అది తెలియక సొంత పనివాణ్ని తిట్టి పంపించిన సేట్లు ఉన్నారు.

పరిష్కారం బండి గేటు దాటిన రోజే మొదలవ్వాలి. బానెట్ లోపల, బ్యాటరీ, డ్యాష్‌బోర్డు, టైర్లు, కింద సైలెన్సర్, చాసిస్ నంబరు, వీటన్నిటికీ ఫోన్‌లో ఫొటోలు తీసి బండి నంబరు పేరుతో దాచండి. బ్యాటరీ ఆ పూటే విప్పి తాళం ఉన్న గదిలో నిలువుగా పెట్టండి. దాని బరువులో సగానికి పైగా సీసమే, దొంగకు అంతకంటే సులువైన సరుకు లేదు. ట్యాంకులో డీజిల్, పెట్రోలు తీసేస్తే దొంగతనం భయం పోతుంది, గ్యాస్ కటింగ్ దగ్గర అగ్గి భయం కూడా కొంత తగ్గుతుంది, కానీ ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి అంటుకోగలదు. విప్పిన సెల్ఫ్ మోటార్లు, ఆల్టర్నేటర్లు, ఈసీఎంల (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టెల) మీద పెయింట్ పెన్నుతో మీ గుర్తు రాయండి. పార్టుల కోసం వచ్చినవాళ్లను కౌంటర్ దగ్గరే కూర్చోబెట్టి, సామాను మీ మనిషే తెచ్చిచ్చేలా చూడండి. మెకానిక్‌లు మొదట్లో గొణుగుతారు, తర్వాత అలవాటవుతుంది.

సమస్య: సైలెన్సర్ మధ్యలో కోసేసి ఉంది

పెట్రోలు కారైతే పోయింది క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా. లోపలి పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. మారుతి ఈకో సైలెన్సర్లు దీని కోసమే చాలా రాష్ట్రాల్లో పోయాయి. తెలిసినవాడికి కొద్ది నిమిషాల పని. కన్వర్టర్లను మీరే ముందుగా విప్పి, బ్యాటరీల గదిలోనే లెక్క రాసి పెట్టండి. ఆ ఒక్క గదికి మాత్రం మంచి ఇనుప తలుపు పెట్టించండి, ఖర్చుకు వెనకాడొద్దు.

సమస్య: సామాను మొత్తం ఉన్నట్టే ఉంది, లోడు అమ్మితే తూకం తక్కువొస్తోంది

అసలు నష్టం ఇక్కడ. గోడ దూకేవాడు తీసుకెళ్లేది ఒక సంచి, కాటా దగ్గర పోయేది క్వింటాళ్లలో. కొనేవాడి లారీని ఖాళీగా తూచేటప్పుడు డీజిల్ ట్యాంకు నిండుగా, క్యాబిన్‌లో నలుగురు మనుషులు, వెనక నీళ్ల డ్రమ్ము ఉంటాయి. నిండిన లారీని తూచే వేళకు మనుషులు దిగిపోతారు, డ్రమ్ము ఖాళీ అవుతుంది. 200 లీటర్ల డ్రమ్ము అంటేనే 200 కిలోల ఇనుము మీది కాకుండా పోయినట్టు. రెండో రకం, ఇనుప తుక్కు అడుగున రాగి, అల్యూమినియం పెట్టి ఇనుము రేటుకు దాటించడం. దీనికి లోడు ఎత్తేవాళ్లలో ఎవరో ఒకరి సాయం కావాలి.

రెండు తూకాలూ ఒకే వే బ్రిడ్జి మీద, ఒకే రోజు, డ్రైవర్ కూడా దిగాకే వేయించండి. రెండుసార్లూ క్యాబిన్‌లోకి, లారీ కిందికి తొంగిచూడండి, ఫొటో తీయండి. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి అమ్మే రైతు కాటా ముల్లు మీద నుంచి చూపు తిప్పడు. మనం మాత్రం చాయ్ తాగుతూ స్లిప్పు వచ్చాక చూద్దాంలే అనుకుంటాం. లోడు ఎత్తేటప్పుడు ఇంటి మనిషి ఒకరు దగ్గరుండాలి. రాగి, అల్యూమినియం అమ్మే రోజు వేరు, ఇనుము అమ్మే రోజు వేరు పెట్టుకుంటే ఇనుము లారీలో రాగి ఎందుకుందని వెంటనే అడగొచ్చు.

సమస్య: రాత్రి గోడ మీది నుంచి వస్తున్నారు

వెనక గోడకు ఆనించి పేర్చిన పాత బాడీలే వాళ్లకు నిచ్చెన. గోడ వెంబడి లోపల మనిషి నడిచేంత కాదు, బండి తిరిగేంత ఖాళీ వదలండి. బయట సర్కారు తుమ్మ పెరిగితే వానలు తగ్గగానే కొట్టించండి. గోడ ఎత్తు పెంచడం కంటే ఇవి చవక. వాచ్‌మన్ ఉంటే అతనికి టార్చి, ఛార్జింగ్ ఉన్న ఫోన్, మీ నంబరుతో పాటు 100, 112 చాలు. దొంగ వెంట పరుగెత్తమని చెప్పొద్దు.

కంచెకు కరెంటు పెట్టే ఆలోచన మాత్రం వద్దే వద్దు. అడవి పందుల కోసం పెట్టిన తీగలకు మన పల్లెల్లో మనుషులే చనిపోతున్నారు. చచ్చింది దొంగైనా కేసు మీ మీదే.

సమస్య: కెమెరాలున్నాయి, ఆ రాత్రి రికార్డే లేదు

కరెంటు మీటరు, మెయిన్ స్విచ్ గోడ బయట ఉంటే దొంగ మొదట దాన్నే కొడతాడు. కెమెరాల రికార్డు దాచే పెట్టె, అదే డీవీఆర్, వాచ్‌మన్ గదిలో ఉంటే దాన్నీ ఎత్తుకెళతాడు. స్విచ్‌కు తాళం పెట్టె, డీవీఆర్‌కు ఇన్వర్టర్ లైను ఏర్పాటు చేసి, దాన్ని ఎవరికీ కనపడని చోటికి మార్చండి. గేటు కెమెరా ఒక్కదానికైనా సిమ్‌తో పనిచేసేది పెడితే బొమ్మ మీ ఫోన్‌కు చేరిపోతుంది. హార్డ్ డిస్క్ చచ్చి నెలలైనా తెలియనివాళ్లు ఎక్కువ, కాబట్టి వారానికోసారి నిన్నటి రాత్రి రికార్డు తెరిచి చూడండి. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయా చూడండి. లెన్స్ ముందు సాలెగూడు ఉంటే రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు తెర మొత్తం తెల్లబడిపోతుంది. చీపురు కట్టతో పోయే సమస్య ఇది.

సమస్య: పోలీసులు మీ యార్డుకే వచ్చి అడుగుతున్నారు

రాత్రిళ్లు ఎవరో బ్యాటరీ తెచ్చి సగం ధరకిస్తే కొన్నారనుకుందాం. మీ యార్డులో ఏం ఉంది, ఏ మూల చీకటి అన్నది వాడు చూసి వెళతాడు. పైగా దొంగసొత్తు అని తెలిసి కొంటే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 317 కింద మూడేళ్ల వరకు జైలు. కాజీపేట జంక్షన్ పక్కనే ఉంది కాబట్టి పట్టాల క్లిప్పులు, పట్టాలను కలిపే ఫిష్ ప్లేట్ల వంటివి అసలు ముట్టొద్దు. రైల్వే ఆస్తికి 1966 నాటి చట్టం వేరుగా ఉంది, మొదటిసారికే ఐదేళ్ల వరకు శిక్ష. చీకటి పడ్డాక కొనకండి, ఆధార్ కాపీ తీసుకోండి, డబ్బు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో ఇవ్వండి. బండి కొంటే ఆర్‌సీలోని చాసిస్ నంబరు బండి మీదున్న దానితో కలుస్తుందో లేదో స్వయంగా చూడండి.

సమస్య: దొంగ దొరికాడు, ఇప్పుడేం చేయాలి

చెట్టుకు కట్టేసి కొట్టి వీడియో వాట్సాప్‌లో పెడితే కేసు మీ మీదికే తిరుగుతుంది. 100కు ఫోన్ చేసి అప్పగించండి. పోయిన సామాను విలువ ఫిర్యాదులో ఆధారాలతో రాయండి, అది ముఖ్యం. బీఎన్‌ఎస్ 303 ప్రకారం విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటి తప్పయి, సొత్తు తిరిగిచ్చేస్తే సామాజిక సేవతో సరిపోతుంది. దొంగ మీ పనివాడే అయితే సెక్షన్ 306, అందులో ఏడేళ్ల వరకు ఉంది. బండి వచ్చిన రోజు తీసిన ఫొటోలు, పెయింట్ గుర్తులు ఇక్కడ పనికొస్తాయి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. కెమెరా రికార్డును పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినంత మాత్రాన సరిపోదు, దానితో పాటు ఆ రికార్డు ఏ పరికరంలోంచి ఎలా తీశారో ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. పాత రికార్డు మీద కొత్తది ఎక్కిపోక ముందే ఆ కాపీ తీయించండి.