వరంగల్‌లో ప్లాటు కొనేటప్పుడు ఏజెంటుకు ఏ పని అప్పజెప్పాలి, ఏ పని మీరే చూసుకోవాలి

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఏ గల్లీలో ఏ ప్లాటు అమ్మకానికి ఉందో, ఓనరు హైదరాబాద్‌లో ఉంటున్నాడా అమెరికాలో ఉంటున్నాడా, ఎంతకు దిగుతాడు అన్నది బయటివాళ్లకు అంత సులువుగా తెలియదు. అందుకే ఏజెంటు కావాలి. స్థలం చూపించడం, ఓనరుతో కూర్చోబెట్టడం, బేరం కుదర్చడం, రిజిస్ట్రేషన్ రోజు అందరినీ ఒకచోటికి చేర్చడం అతని పనులు. ఈ నాలుగూ మంచి ఏజెంటు చేసినంత బాగా మీరు చేయలేరు. కాగితాలు సరిగ్గా ఉన్నాయా లేదా తేల్చడం మాత్రం అతనికి వదలకూడదు. బేరం కుదిరితేనే అతనికి కమీషన్ వస్తుంది. ‘ఈ ప్లాటు వద్దు’ అని చెబితే అతని కష్టం వృథా అవుతుంది. ఎంత నిజాయితీపరుడైనా అలాంటి స్థితిలో ఉన్న మనిషిని తీర్పు చెప్పమని అడగడం అన్యాయం. ఆ పనికి వేరే లాయరును పెట్టుకోండి. ఆ లాయరు ఏజెంటు తీసుకొచ్చినవాడు కాకూడదు.

ఏజెంటును ఎంచుకోవడం

కొత్త వెంచరులో ప్లాటు చూపించేవాళ్లను రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసిన వెంచరైనా, 8కి మించి ఫ్లాట్లు ఉన్న అపార్టుమెంటైనా రెరాలో నమోదు కావాలి. దాన్ని అమ్మిపెట్టే ఏజెంటు కూడా విడిగా నమోదు కావాలి. ప్రాజెక్టు నంబరు ‘పీ’ అక్షరంతో, ఏజెంటు నంబరు ‘ఏ’ అక్షరంతో మొదలవుతాయి. రెండూ తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. బ్రోచరు మీద ‘రెరా అప్లైడ్’ అని ఉంటే నమోదు ఇంకా కాలేదని అర్థం. నమోదు కాకముందే ‘ప్రీ లాంచ్ రేటు’ అంటూ పైసలు కట్టించుకోవడం చట్టవిరుద్ధం. నమోదయ్యాక కూడా రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

ఒకరి ప్లాటును ఇంకొకరు కొనే రీసేల్‌లో మధ్యవర్తికి రెరా నంబరు లేకపోవచ్చు. అక్కడ చూడాల్సింది మధ్యలో ఎంతమంది ఉన్నారన్నది. ‘అన్నా, ఇది ఓనరు దగ్గర్నుంచి నీకు డైరెక్టుగ వచ్చిందా, మధ్యల ఇంకెవరన్న ఉన్నరా?’ అని మొదటి రోజే అడగండి. ఒకే ప్లాటు ముగ్గురు నలుగురి చేతులు మారి మీ దాకా వస్తే, ఒక్కొక్కరు గజానికి ఇంత అని రేటు మీద వేసుకుంటూ వస్తారు. ఓనరు చెప్పిన రేటుకూ మీరు విన్న రేటుకూ పొంతన ఉండదు. బయానా (బేరం ఖాయం చేసుకోవడానికి ఇచ్చే అడ్వాన్సు) ఇచ్చేలోపే ఓనరును ఎదురుగా కలిసి, రేటు ఆయన నోటే వినాలి. కలపనంటే ఆ బేరం అక్కడే ఆపేయండి.

కమీషన్ కూడా మొదట్లోనే తెగ్గొట్టుకోవాలి. కొనేవారి నుంచి 1 శాతం, అమ్మేవారి నుంచి 1 శాతం అనేది ఎక్కువగా నడిచే లెక్క. 2 శాతం అడిగేవాళ్లూ ఉన్నారు. ఎంతన్నది, ఎప్పుడన్నది వాట్సాప్‌లో రాసి పంపి, ‘సరే’ అనిపించుకోండి. రిజిస్ట్రేషన్ పూర్తయ్యాకే ఇవ్వాలి. బయానా రోజే సగం అడిగితే ఒప్పుకోవద్దు. కాగితాల్లో లొసుగు బయటపడి బేరం పోతే ఆ పైసలు తిరిగి రావు.

కిరాయి ఇంటికైతే ఇంత తతంగం అక్కర్లేదు. సుబేదారి, నయీంనగర్, కేయూ క్రాస్ రోడ్డు దిక్కు సాయంత్రం ఒక రౌండు వేస్తే టు-లెట్ బోర్డులు చాలా కనిపిస్తాయి. ముందు వాటికే ఫోన్ చేయండి. 11 నెలల అగ్రిమెంటులో అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు సున్నం, రంగుల ఖర్చు ఎవరిది, నీళ్ల మోటారు కరెంటు బిల్లు ఎవరిది అన్నవి రాయించుకుంటే చాలు.

ఏం కావాలో చెప్పేటప్పుడు

‘మంచి ప్లాటుంటే చెప్పు’ అంటే అతని చేతిలో అమ్ముడుపోకుండా ఉన్నవన్నీ చూపిస్తాడు. గజాలు, ముందున్న రోడ్డు వెడల్పు, దిక్కు, ఎన్ని నెలల్లో పైసలు కట్టగలరు, ఇల్లు కట్టడానికా ఊరికే ఉంచుకోవడానికా అన్నవి చెప్పండి. మీ పై బడ్జెట్ మాత్రం చెప్పకండి. 40 లక్షలు ఉన్నాయంటే 36 లక్షల ప్లాటు కూడా 40కే దిగుతుంది.

మామునూరు ఎయిర్‌పోర్టు, కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ, గీసుగొండ దిక్కు టెక్స్‌టైల్ పార్కు, ఔటర్ రింగు రోడ్డు అన్న నాలుగు మాటలు ఇక్కడ ప్రతి బేరంలో వినిపిస్తాయి. నాలుగూ నిజమైనవే. ‘పక్కనే’ అన్న మాటే నిజం కాకపోవచ్చు. బండి మీటరు చూసుకుంటూ ఒకసారి పోయి రండి. ఎయిర్‌పోర్టు దగ్గర భవనాల ఎత్తుకు పరిమితులుంటాయని కూడా మరవద్దు.

ప్లాటు మీద నిలబడి చూడాల్సినవి

టేపు పట్టుకుని పోవాలి. 100 అడుగుల టేపు, తోడు ఒక మనిషి ఉంటే అరగంట పని. 30 అడుగులు ముందు, 60 అడుగులు లోపలికి ఉంటే 1,800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు. నాలుగు పక్కలు కొలిచి ఆపేయకుండా, రెండు మూలల మధ్య ఏటవాలుగా కూడా కొలవండి. 30, 60 కొలతలకు అది 67 అడుగుల 1 అంగుళం రావాలి, రెండు వైపులా ఒకేలా రావాలి. ఒకవైపు 66, ఇంకోవైపు 68 వస్తే ప్లాటు వంకరగా ఉన్నట్టు. ముందు 30 ఉండి వెనుక 28 మాత్రమే ఉంటే అది 1,740 చదరపు అడుగులు, అంటే సుమారు 193 గజాలు. గజం 20,000 రూపాయలనుకుంటే ఆరున్నర గజాలకు పైగా తేడా, లక్షా 33 వేల దాకా. పక్క ప్లాటువాళ్లు వెనుక మూల దగ్గర ప్రహరీ రెండు అడుగులు ఇవతలికి కట్టుకున్న చోట సరిగ్గా ఇదే జరుగుతుంది. ముందు వైపు నిలబడి చూస్తే ఇది కనిపించదు.

తర్వాత హద్దు కడీలు (పాతిన రాళ్లు) చూడండి. లేఅవుట్ నక్షా తెప్పించి, రోడ్డు మలుపు నుంచి ప్లాట్లు లెక్కపెట్టుకుంటూ మీ ప్లాటు నంబరు దాకా నడవండి. ఒకటి చూపించి, పక్కదాన్ని రిజిస్టరు చేసే మోసం పాతదే, ఇప్పటికీ నడుస్తోంది. పక్క ప్లాటు ఓనరుతో మాట్లాడి, దస్తావేజులో రాసిన నాలుగు హద్దులూ నేల మీద ఉన్నాయేమో సరిపోల్చండి.

నీళ్ల సంగతి ఇక్కడ తేలిగ్గా తీసుకునేది కాదు. 2020 ఆగస్టు, 2023 జూలై వానలకు నయీంనగర్ నాలా వెంబడి, హంటర్ రోడ్డు దిక్కు కాలనీలు ఎలా మునిగాయో ఊరంతా చూసింది. ఎండాకాలంలో చూసి కొన్న ప్లాటు వానాకాలంలో చెరువులా కనిపించవచ్చు. పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకసారి పోండి. పక్కిళ్ల గోడలకు నీటి చార ఎంత ఎత్తులో ఉందో చూడండి, కిరాణా కొట్టు పెద్దమనిషిని అడగండి. భద్రకాళి, వడ్డేపల్లి లాంటి చెరువుల దగ్గరైతే, శిఖం భూమి (చెరువు లోపలి భూమి) కాదని రెవెన్యూ రికార్డులో, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు) పరిధిలో లేదని ఇరిగేషన్ వాళ్ల దగ్గర తేల్చుకోవాలి. భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు, 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు వదలాలి.

ఖిలా వరంగల్, వేయి స్తంభాల గుడి చుట్టుపక్కల ఇంకో మెలిక ఉంది. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణానికి వీల్లేదు. ఆ తర్వాతి 200 మీటర్లలో ముందస్తు అనుమతి తీసుకునే కట్టాలి. ప్లాటు రిజిస్ట్రేషన్ మాత్రం మామూలుగానే అయిపోవచ్చు. అందుకే చాలామందికి ఇల్లు కట్టబోయేదాకా ఈ సంగతి తెలియదు.

కాగితాలు

ఏజెంటును అడగాల్సింది కాగితాల జిరాక్సులు తెమ్మనే. అమ్మేవారి సేల్ డీడ్, అంతకుముందు కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), లేఅవుట్ కాపీ, ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ఉంటే దాని ప్రొసీడింగ్స్, ఖాళీ స్థలం పన్ను రశీదు. ఇవి అందాక లాయరు చేతికి ఇవ్వండి. ఈ లోపు మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా) మీరే తీయండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి దొరుకుతుంది. ఏజెంటు ఇచ్చిన ఈసీ ప్రింటు మీద ఆధారపడకండి, అది ఆర్నెల్ల కిందటిది కావచ్చు. ప్లాటు నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఇంకోసారి వెతకండి. ప్లాటు నంబరుతో మాత్రమే వెతికితే, ఆ భూమిని ఎకరాల లెక్కన ఇంకొకరికి అమ్మిన దస్తావేజు కనిపించకపోవచ్చు. డబుల్ రిజిస్ట్రేషన్ గొడవలు చాలావరకు ఇక్కడే పుడతాయి. బయానాకు ముందు ఒకసారి, రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఇంకోసారి తీయాలి. అదే వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) అయితే 1977 చట్టం ప్రకారం ఆ కొనుగోలే చెల్లదు, ఎన్ని చేతులు మారినా అంతే.

‘ఎల్ఆర్ఎస్ ఉంది’ అంటే ఏ కాగితం ఉందో చూపించమనండి. 2020లో 1,000 రూపాయలు కట్టిన దరఖాస్తు రశీదు చూపించి చాలామంది అదే ఎల్ఆర్ఎస్ అంటారు. అది దరఖాస్తు మాత్రమే. ఫీజు మొత్తం కట్టాక వచ్చే ప్రొసీడింగ్స్ కాగితమే అసలుది. అది లేకపోతే క్రమబద్ధీకరణ ఫీజు, దానిపై ఖాళీ స్థలం వాటా కింద ప్లాటు విలువలో 14 శాతం ఎవరు కట్టాలో బేరంలోనే తేలాలి.

గుంటల లెక్కన అమ్మే భూమి వేరే కథ. గుంట అంటే 121 గజాలు. ‘రెండు గుంటలు, పాస్‌బుక్కు కూడా వస్తుంది’ అంటున్నారంటే అది వ్యవసాయ భూమి. నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్పు; ఇది కాలువ నాలా కాదు), లేఅవుట్ అనుమతి లేకుండా అక్కడ ఇంటి పర్మిషన్ రాదు. నేల మీద కనిపించే రోడ్డు కూడా కాగితంలో ఉండకపోవచ్చు.

ఓనరు తరఫున ఇంకొకరు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్ముతుంటే, జీపీఏ ఇచ్చిన మనిషి బతికే ఉన్నాడా, రద్దు చేశాడా అన్నది ఆయనతోనే వీడియో కాల్‌లో మాట్లాడి తెలుసుకోండి. వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించి అందులో ఉన్న ప్రతి ఒక్కరి సంతకం తీసుకోవాలి. ‘ఆడపిల్లలకు పెళ్లప్పుడే ఇచ్చేసినం’ అనే మాట కోర్టులో నిలబడదు. అక్కాచెల్లెళ్లు కూడా వచ్చి సంతకం పెట్టాలి.

బయానా

బయానా కాగితం ఓనరు పేరు మీద, ఓనరు సంతకంతో ఉండాలి. ఓనరుతో మూడు నెలల అగ్రిమెంటు చేసుకుని, ఆ గడువులోపే ఎక్కువ రేటుకు మీకు అమ్మేవాళ్లుంటారు. వాళ్లు ఓనరుకు మిగతా పైసలు కట్టకపోతే మీరిచ్చింది మధ్యలో ఇరుక్కుంటుంది. అలాంటప్పుడు ఓనరు, అగ్రిమెంటు ఉన్నతను, మీరు ముగ్గురూ ఒకే కాగితంలో సంతకం పెట్టాలి.

సర్వే నంబరు, ప్లాటు నంబరు, నాలుగు హద్దులు, గజం రేటు, మిగతా పైసలకు గడువు తేదీ రాయండి. ఇంకో రెండు వాక్యాలు తప్పనిసరి: కొలతలో ఎన్ని గజాలు వస్తే అన్నింటికే లెక్క, కాగితాల్లో లోపం తేలితే బయానా 15 రోజుల్లో పూర్తిగా వాపసు. ఈ రెండో వాక్యం లేకపోతే లోపం మీరే కనిపెట్టినా, ‘మీరే వెనక్కి పోయారు’ అని బయానా మింగేస్తారు. ఏజెంటు చేత సాక్షి సంతకం పెట్టించండి. రేపు మాట మారకుండా అది పనికొస్తుంది.

20,000 రూపాయలు, ఆపైన నగదుగా ఇవ్వకండి. ఆస్తి బేరంలో అంత నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, మీ దగ్గర రుజువూ ఉండదు. చెక్కు లేదా ఆర్‌టీజీఎస్, అది కూడా ఓనరు ఖాతాకే.

రిజిస్ట్రేషన్, ఆ తర్వాత

స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. 40 లక్షల ప్లాటుకు 3 లక్షలు. ప్రభుత్వ విలువ, మీరు రాసిన ధర, ఏది ఎక్కువైతే దాని మీద లెక్క కడతారు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (ఓనరుకు ఇచ్చే పైసల్లోంచి కోసే ఆదాయపు పన్ను) కోసి కట్టాల్సింది కొన్న మీరే.

డ్రాఫ్టు డీడ్ ముందురోజే చేతికి తీసుకుని, ప్లాటు నంబరు, సర్వే నంబరు, హద్దులు, పేర్లు వేలుపెట్టి ఒక్కొక్కటీ చదవండి. సర్వే నంబరులో ఒక్క అంకె తప్పితే సవరణ డీడ్ కోసం మళ్లీ ఓనరును పట్టుకోవాలి. ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు చేతికి వచ్చాకే ఆఖరి చెక్కు ఇవ్వండి. ‘ఇంట్లో ఉన్నయి, రేపు పంపిస్త’ అంటే అవి బ్యాంకులో తాకట్టులో ఉన్నాయేమో అనుమానించాల్సిందే.

అదే వారంలో నాలుగు మూలలా కడీలు పాతించి ఫెన్సింగ్ వేయండి, ప్లాటు నంబరు, మీ పేరు రాసిన బోర్డు పెట్టి ఫొటోలు తీసి ఉంచుకోండి. మున్సిపాలిటీ పరిధి అయితే ఖాళీ స్థలం పన్ను మీ పేరుకు మార్పించి ఏటా కట్టండి. ఊళ్లో ఉండనివాళ్లు ఆర్నెల్లకోసారి ఈసీ తీసి చూసుకోవాలి, ఏడాదికోసారైనా వచ్చి పిచ్చిచెట్లు కొట్టించాలి.