మెగా డ్రైవ్ మీద స్ట్రీట్ ఫైటర్ 2: ప్యాడ్ నుంచి టీవీ దాకా ఏం చూసుకోవాలి

1992లో సూపర్ నింటెండో గేమ్ మెషీన్‌కు వచ్చిన ఫైటింగ్ గేమ్ స్ట్రీట్ ఫైటర్ 2ని క్యాప్‌కామ్ మరుసటి ఏడాదే, 1993 సెప్టెంబరులో, పోటీదారు సెగా మెగా డ్రైవ్‌కు కూడా తెచ్చింది. అమెరికాలో ఆ మెషీన్ పేరు జెనెసిస్, గేమ్ పేరు స్పెషల్ ఛాంపియన్ ఎడిషన్. 24 మెగాబిట్ల క్యాసెట్, నలుగురు బాసులతో కలిపి 12 మంది ఫైటర్లు. పాత మెషీన్ సంపాదించి దీన్ని ఆడదామనుకునేవాళ్లు చాలామంది క్యాసెట్‌కి ధారాళంగా ఖర్చుపెట్టి, చేత్తో పట్టుకుని ఆడే ప్యాడ్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగిస్తారు. ఇక్కడ అది తలకిందుల లెక్క.

మెగా డ్రైవ్‌తో మొదట్లో ఇచ్చిన ప్యాడ్‌లో ఉండేవి ఏ, బీ, సీ మూడు బటన్లు, పైన స్టార్ట్. గేమ్‌కి కావాల్సినవి ఆరు: మూడు పంచ్‌లు, మూడు కిక్‌లు. అందుకని మూడు బటన్ల ప్యాడ్ పెడితే, స్టార్ట్ నొక్కిన ప్రతిసారీ బటన్లు పంచ్ నుంచి కిక్‌కి, కిక్ నుంచి పంచ్‌కి మారుతుంటాయి. గైల్ అనే ఫైటర్‌తో ఆడితే చుక్కలు కనిపిస్తాయి: అతని ప్రత్యేక దెబ్బల్లో సోనిక్ బూమ్ పంచ్‌తో, ఫ్లాష్ కిక్ కిక్‌తో. ఎదుటివాడు మీదికి దూకాక స్టార్ట్ వెతుక్కునే టైం ఎక్కడిది? ర్యూ, కెన్ కొంత నయం. వీళ్ల హడోకెన్ (విసిరే శక్తి బంతి), షోర్యుకెన్ (పైకి లేస్తూ కొట్టే దెబ్బ) రెండూ పంచ్‌లే కాబట్టి రౌండంతా పంచ్ వైపే ఉండి లాక్కురావచ్చు. ప్రస్తుతానికి మూడు బటన్లతోనే సర్దుకోవాలంటే వీళ్లిద్దరిలో ఒకరిని పట్టుకోండి.

అసలు మందు ఆరు బటన్ల ప్యాడే. పై వరుసలో ఎక్స్, వై, జెడ్ పంచ్‌లు. కింది వరుసలో ఏ, బీ, సీ కిక్‌లు. ఎడమ నుంచి కుడికి లైట్, మీడియం, హెవీ. ఆర్కేడ్ మెషీన్ మీద ఉండే వరుస కూడా అదే. సూపర్ నింటెండో ప్యాడ్‌లో హెవీ దెబ్బలు ఎల్, ఆర్ భుజం బటన్ల మీదికి పోతాయి. ఈ ఒక్క విషయంలో సెగాదే పైచేయి.

కొనేటప్పుడు ఒక మోసం కనిపెట్టాలి. చూడ్డానికి ఆరు బటన్లున్నా, పై మూడూ కింది మూడింటికే టర్బో (అదే బటన్‌ని టకటకా నొక్కినట్టు చేసేది) అయిన చవక ప్యాడ్లు ఉన్నాయి. పరీక్ష తేలిక: ప్యాడ్ గుచ్చాకే మెషీన్ ఆన్ చేయండి, మ్యాచ్‌లోకి వెళ్లండి, స్టార్ట్ జోలికి పోకుండా ఎక్స్, ఏ విడివిడిగా నొక్కండి. ఒకదానికి పంచ్, ఒకదానికి కిక్ పడితే ప్యాడ్ నిజమైనదే. రెండింటికీ ఒకే దెబ్బ పడితే వెనక్కి ఇచ్చేయండి.

అసలు ప్యాడే అయినా వైరు తెగి ఉండొచ్చు, సాధారణంగా ప్యాడ్‌లోకి వెళ్లే చోటే. బీ, సీ పనిచేస్తూ ఏ, స్టార్ట్, ఎక్స్, వై, జెడ్ అన్నీ చచ్చిపడి ఉంటే ముందు 9 పిన్నుల ప్లగ్గులో 7వ పిన్ను వైరును అనుమానించండి. మెషీన్ ఆ వైరు మీదే సిగ్నల్ మార్చి మార్చి ఒక్కో గుంపు బటన్లను చదువుతుంది. అది తెగితే మొదటి గుంపు ఒక్కటే కనబడుతుంది. మల్టీమీటర్‌తో ఆ పిన్ను నుంచి ప్యాడ్ బోర్డు దాకా కంటిన్యుటీ (వైరు తెగకుండా ఉందా అన్నది) చూసి, తెగిన చోట రెండు అంగుళాలు కత్తిరించి మళ్లీ టంకం పెడితే సరిపోతుంది. అసలు ఏ బటనూ పలక్కపోతే 5వ పిన్ను (5 వోల్టులు), 8వ పిన్ను (గ్రౌండ్) చూడండి.

తర్వాత కరెంటు. అమెరికా అడాప్టర్ 120 వోల్టులది, జపాన్‌ది 100. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే అడాప్టర్ కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కన్నా 100-240 వోల్టులు తీసుకునే కొత్త అడాప్టరే మేలు. మెగా డ్రైవ్ మొదటి రకం, అంటే మోడల్ 1కి 9 వోల్టుల డీసీ, 1.2 ఆంపియర్లు, మధ్యలో నెగెటివ్. మోడల్ 2కి 10 వోల్టులు, 0.85 ఆంపియర్లు, మధ్యలో పాజిటివ్, ప్లగ్గు కూడా వేరు. ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, పోలారిటీ (పాజిటివ్, నెగెటివ్ అమరిక) తిరగబడితే మాత్రం మెషీన్‌కే ఎసరు. పాత నింటెండో ఎన్ఈఎస్ అడాప్టర్ మోడల్ 1లో చక్కగా దూరుతుంది, కానీ అది ఇచ్చేది ఏసీ. దూరింది కదా అని ఆన్ చేయకండి.

ఆన్ చేస్తే తెర నల్లగానే ఉందంటే, నూటికి తొంభై సార్లు క్యాసెట్ కాంటాక్టులే కారణం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి పిన్నుల పొడవునా తుడవండి, బడ్ తెల్లగా వచ్చేదాకా. పది నిమిషాలు ఆరనివ్వండి. నోటితో ఊదితే తేమ చేరి పిన్నులు తుప్పుపడతాయి. గరుకు కాగితంతో రుద్దితే బంగారు పూత పోతుంది. ఈ గేమ్‌లో సేవ్ బ్యాటరీ లేదు కాబట్టి అది మార్చే బెడద ఉండదు. నకిలీనేమోనని అనుమానముంటే 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ మొనతో విప్పండి. చిప్ ఉండాల్సిన చోట నల్లటి జిగురు బొట్టు కనిపిస్తే నకిలీయే.

టీవీ విషయంలో రెండు చిక్కులు. యూరప్ టీవీ పద్ధతి అయిన పాల్‌కి చేసిన మెషీన్ 50 హెర్ట్జ్‌తో, అంటే సెకనుకు 50 బొమ్మలతో నడుస్తుంది. 60 హెర్ట్జ్ గేమ్ అందులో పెడితే ఆరింట ఐదు వంతుల వేగమే వస్తుంది, బొమ్మకు పైనా కిందా నల్ల పట్టీలు. అమెరికా లేదా జపాన్ మెషీన్ తీసుకోండి. ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్ అయినా తేడా పడదు, ఆ లెక్క మెషీన్ లోపలి క్రిస్టల్‌ది. జపాన్ క్యాసెట్ ఆకారం వేరు కావడంతో అమెరికా మెషీన్ స్లాట్‌లో దూరదు. రెండో చిక్కు ఎల్‌సీడీ టీవీలు: మెషీన్ ఇచ్చే 240 లైన్ల సిగ్నల్‌ని (240పీ) చాలావరకు 480ఐ, అంటే లైన్లు వంతులవారీగా వచ్చే మామూలు టీవీ సిగ్నల్ అనుకుని సరిచేయబోయి ఆలస్యం చేస్తాయి. ఒక ఫ్రేమ్ అంటే 16.7 మిల్లీసెకన్లు, మూడు నాలుగు ఫ్రేములు పోతే చేసే షోర్యుకెన్‌లన్నీ దెబ్బ తిన్నాకే లేస్తాయి. గేమ్ మోడ్ పెట్టండి, లేదా 240పీని గుర్తుపట్టి టీవీకి సరిపడా మార్చే స్కేలర్ పెట్టె వాడండి. పాత పిక్చర్‌ట్యూబ్ టీవీ ఇంట్లో పడి ఉంటే ఇంకేం కావాలి!

గొంతులు గరగరలాడుతున్నాయని కేబుల్ మార్చకండి. లోపం గేమ్‌ది. రికార్డు చేసిన గొంతు తునకలను (శాంపిళ్లను) మెషీన్‌లోని జెడ్80 ప్రాసెసర్ ఒక్కొక్కటిగా సౌండ్ చిప్‌కి అందించాలి. మధ్యలో దాన్ని ఆపిన ప్రతిసారీ లయ తప్పి ఆ గరగర పుడుతుంది. తర్వాతి కాలంలో అభిమానులు సౌండ్ డ్రైవర్‌ని (శబ్దాన్ని నడిపే ప్రోగ్రామ్‌ని) తిరగరాసి ప్యాచ్ చేస్తే, అదే మెషీన్ మీద గొంతులు శుభ్రంగా వినిపించాయి. మీ క్యాసెట్ నుంచి తీసిన గేమ్ ఫైలుకి ఆ ప్యాచ్ వేసి ఫ్లాష్ కార్ట్‌లో, అంటే గేమ్ ఫైళ్లు ఎక్కించుకునే క్యాసెట్‌లో పెట్టుకోవచ్చు. 3 మెగాబైట్లే కాబట్టి ఏ మామూలు ఫ్లాష్ కార్టైనా నడుపుతుంది. 1994లో వచ్చిన సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2తో అలా కుదరదు: అది 40 మెగాబిట్లు, గేమ్‌ని భాగాలుగా మార్చి మార్చి చూపే (బ్యాంక్ మార్చే) చిప్ ఉంటేనే నడుస్తుంది.

అన్నీ కుదిరాక మొదట ఛాంపియన్ మోడ్‌లో చేతులు అలవాటు చేసుకోండి. హైపర్ మోడ్‌లో వేగమే కాదు, కొత్త దెబ్బలూ ఉంటాయి: ర్యూ, కెన్ గాలిలోనే హరికేన్ కిక్ తిరుగుతారు, చున్‌లీ కికోకెన్ విసురుతుంది, మన ధల్సిమ్ మాయమై ఇంకోచోట తేలతాడు. సోనిక్ బూమ్‌కి వెనక్కి నొక్కి కాసేపు పట్టి ఉంచాలి. వేగం పెంచాక చాలామంది ఆ ఆగడమే మర్చిపోయి ప్యాడ్‌ని తిడతారు.

పాత సామాను వెతికే ఓపిక లేనివాళ్లకి 2019లో వచ్చిన జెనెసిస్ మినీ (గేమ్‌లు లోపలే ఉండే చిన్న సైజు మెషీన్)లో ఈ గేమ్ ఉంది. తీరా చూస్తే, అమెరికా పెట్టెలో ఇచ్చింది మూడు బటన్ల ప్యాడ్లు. జపాన్ మెగా డ్రైవ్ మినీతో మాత్రం ఆరు బటన్లవి ఇచ్చారు. అమెరికాది కొంటే రెట్రో‌బిట్ వాళ్ల ఆరు బటన్ల యూఎస్‌బీ ప్యాడ్లు రెండు అదే బిల్లులో వేసుకోండి.