కాళ్ల షేవింగ్‌కు ఏ రేజర్ తగినది?

కాళ్ల మీది వెంట్రుకలు తీయడానికి రేజర్‌ను ఎంచుకునేటప్పుడు బ్లేడ్ల సంఖ్యకన్నా మీ చర్మ స్వభావాన్నే ముందుగా చూసుకోవాలి. వాడి పారేసే రేజర్లు ప్రయాణాలకు చాలు. వాటిలో చాలావాటి తల కదలదు కాబట్టి మోకాళ్లు, చీలమండల దగ్గర గాట్లు పడవచ్చు. పిడి అలాగే ఉంచి బ్లేడ్లున్న తలను మాత్రమే మార్చుకునే కార్ట్రిడ్జ్ రేజర్‌లో ఆ తల ఒంపులను అనుసరించి వంగుతుంది గనుక కొత్తవారికి అదే సులువు. అయితే 3 నుంచి 5 బ్లేడ్లున్న రకాల్లో ముందు బ్లేడు వెంట్రుకను కొద్దిగా పైకి లాగితే, వెనుక బ్లేడు దానిని చర్మపు ఉపరితలానికి దిగువగా కోయగలదు. నునుపు బాగానే వస్తుంది కానీ, వెంట్రుకలు లోపలికి పెరిగి పొక్కులు లేచే చర్మానికి అది మేలు చేయదు.

అటువంటివారికి ఒకే అంచుతో కోసే సేఫ్టీ రేజర్ మెరుగని నా అభిప్రాయం. దానిని చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో పట్టుకుని, నొక్కకుండా, దాని బరువుతోనే మెల్లగా నడపాలి. తొందరపడేవారికి ఇది తగదు. ఎలక్ట్రిక్ షేవర్‌తో అంత నునుపు రాదు, గాట్లూ తక్కువే.

బ్లేడు రేజర్ ఏదైనా, కాళ్లను గోరువెచ్చని నీటితో బాగా తడిపి, షేవింగ్ జెల్ రాసి, వెంట్రుకలు పెరిగే దిశలోనే గీయాలి. మోకాలిని కొద్దిగా వంచితే అక్కడి చర్మం బిగుతుగా నిలుస్తుంది. 5 నుంచి 7 సార్లు వాడాక బ్లేడు మార్చాలి.