బల్లమీది ఆర్కేడ్ – 3వ పాఠం: జాయ్‌స్టిక్, బటన్ల వైరింగ్

పోయిన పాఠంలో మన ఆర్కేడ్ (వీడియో ఆటల) పెట్టె పలకకు చిల్లులు వేసి, జాయ్‌స్టిక్ (బొమ్మను కదిపే మీట), బటన్లు బిగించి ఆగాం. ఇప్పుడు ఆ పలకను బోర్లించి మెత్తటి గుడ్డ మీద పెట్టుకోండి. ఈ పాఠంలో పనంతా ఆ అడుగు వైపే. ఆటలు నడిపే చిన్న కంప్యూటరు, అంటే రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు కరెంటు ఇవ్వకండి, చివరిదాకా దాన్ని పక్కనే ఉంచండి.

పెట్టె మొత్తంలో ఎక్కువ ఓపిక అవసరమైన చోటు ఇదేనని నా నమ్మకం. తెర కాస్త చిన్నదైనా, రంగు సరిగ్గా కుదరకపోయినా ఆడుకోవచ్చు. మీట తోసిన వైపు బొమ్మ కదలకపోతే మాత్రం రెండో ఆట ఆడబుద్ధి కాదు.

బటన్లకూ మీటకూ అడుగున ఉండే చిన్న స్విచ్‌లే మైక్రోస్విచ్‌లు. ముందుగా ఒకటి చేతిలోకి తీసుకోండి. దానికి మూడు రేకు కాళ్లుంటాయి, పక్కన కామ్, ఎన్‌ఓ, ఎన్‌సి అని సన్నటి అక్షరాలుంటాయి. కామ్ అంటే రెండింటికీ ఉమ్మడి కాలు. ఎన్‌ఓ మామూలుగా విడిగా ఉండి, నొక్కితే కామ్‌తో కలుస్తుంది. ఎన్‌సి మామూలుగా కలిసే ఉండి, నొక్కితే విడిపోతుంది. మనకు కావలసినవి కామ్, ఎన్‌ఓ. ఎన్‌సి కాలిని ఖాళీగా వదిలేయండి. కొన్ని బటన్లకు రెండే కాళ్లుంటాయి, వాటిలో ఏది ఎటు కలిపినా ఒకటే.

ఇప్పుడు ఆ స్విచ్‌ను చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా నొక్కండి. కొంతదూరం వరకు ఏమీ జరగదు. ఆపైన ఒక్కసారిగా టిక్కుమంటుంది. లోపల ఒక సన్నటి స్ప్రింగు రేకు ఇటు నుంచి అటు ఎగిరి పడిన చప్పుడది. మీ వేలు ఎంత నిదానంగా కదిలినా ఆ రేకు మాత్రం చటుక్కునే కదులుతుంది. బటన్ ఎక్కడ పనిచేసిందో వేలికి తెలిసిపోయేది అందుకే.

ఇక దీన్ని కంప్యూటరు ఎలా గుర్తిస్తుందో చూద్దాం. రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద 40 పిన్నులున్నాయి. వాటిలో ఒక జీపీఐఓ పిన్నును (స్విచ్‌ల లాంటివి కలపడానికి ఉన్న పిన్ను) ఇన్‌పుట్‌గా పెట్టి, చిప్ లోపలే ఉన్న పుల్‌అప్ రెసిస్టర్‌ను ఆన్ చేస్తే, ఆ పిన్ను 3.3 వోల్టుల దగ్గర నిలబడి ఉంటుంది. బటన్ నొక్కగానే పిన్ను గ్రౌండ్‌కు (సున్నా వోల్టుల వైపుకు) కలిసి సున్నాకు పడిపోతుంది. ఆ పడిపోవడాన్నే సాఫ్ట్‌వేర్ 'నొక్కారు' అని లెక్కేస్తుంది. ఆ రెసిస్టర్ సుమారు 50 కిలో ఓములు కాబట్టి వైరులో పారే కరెంటు మిల్లీ ఆంపియర్‌లో పదో వంతు కూడా ఉండదు. లావు వైరు అక్కర్లేదు, సులువుగా వంగే సన్నటి వైరు చాలు.

పిన్నులు లెక్కపెట్టే పద్ధతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎస్‌డీ కార్డు ఉన్న కొస నుంచి మొదలు. బోర్డు లోపలి వైపు వరసలో బేసి అంకెలు, అంచు వైపు వరసలో సరి అంకెలు. 2, 4 పిన్నుల్లో 5 వోల్టులుంటాయి, వాటి పక్కదే 6, అది గ్రౌండ్. నా మొదటి పెట్టెలో గ్రౌండ్ వైరును 6కు బదులు 4కు తగిలించాను. బటన్ నొక్కగానే 5 వోల్టులు నేరుగా జీపీఐఓ పిన్నులోకి వెళ్లాయి. అవి 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవు. ఆ పిన్ను మళ్లీ పలకలేదు. అప్పటి నుంచి నేను గ్రౌండ్‌ను 39 దగ్గరే తీసుకుంటున్నాను. అది రెండో కొసన, మూలలో ఉంటుంది. పొరపాటున పక్కనున్న 40కి తగిలించినా బటన్లు పనిచేయవంతే, బోర్డుకు హాని లేదు.

ఒక్కో స్విచ్ ఎన్‌ఓ కాలి వైరు ఏ పిన్నుకు వెళ్లాలో, నేను వాడే అమరిక ఇది: మీట పైకి 11, కిందికి 13, ఎడమకు 15, కుడికి 16. ఆట బటన్లు నాలుగూ 18, 22, 29, 31. నాణెం బటన్ 36, స్టార్ట్ 37. 15 పక్కనున్న 17లో 3.3 వోల్టుల సరఫరా ఉంటుంది, దాన్ని తాకనివ్వకండి.

జాయ్‌స్టిక్ దగ్గర దాదాపు అందరూ ఒకసారి తికమకపడతారు. మీట ఇరుసు మధ్యలో ఉంటుంది కాబట్టి పైన ముందుకు తోస్తే అడుగు కొస వెనక్కి జరిగి వెనకవైపు స్విచ్‌ను నొక్కుతుంది. దానికి తోడు పలక బోర్లించి ఉంది, కుడి ఎడమలు కూడా తారుమారు. బుర్రలో తిప్పి చూసుకునే బదులు పలకను నిలబెట్టి, ఆడేవాళ్ల వైపు నుంచి మీటను పైకి తోసి పట్టుకోండి. వెనక ఏ స్విచ్ టిక్కుమందో చూసి, దాని పక్కన పెన్సిల్‌తో 'పైకి' అని రాయండి. మిగతా మూడూ అంతే.

ఇంకో మాట. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌కు నాలుగు దిక్కులు చాలు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2కు మూలలతో కలిపి ఎనిమిది కావాలి. ఎనిమిది దిక్కుల మీట మూలకు వెళ్లినప్పుడు రెండు స్విచ్‌లు ఒకేసారి కలుస్తాయి. ప్యాక్‌మ్యాన్‌లో సందు మలుపు దగ్గర అది చిరాకు పెడుతుంది. చాలా జాయ్‌స్టిక్‌ల అడుగున దిక్కులను కట్టడి చేసే ప్లాస్టిక్ పలక ఉంటుంది, కొన్నింటిలో దాన్ని తిప్పి పెడితే నాలుగు దిక్కులకు మారుతుంది. మీ ఇంట్లో ఎక్కువగా ఆడే ఆట ఏదో దాన్నిబట్టి ఇప్పుడే పెట్టేయండి, పెట్టె మూసేశాక కష్టం.

గ్రౌండ్‌కు ప్రతి బటన్ నుంచి విడి వైరు అక్కర్లేదు. ఒక నల్ల వైరును స్విచ్ నుంచి స్విచ్‌కు కామ్ కాళ్ల మీదుగా గొలుసులా లాగి, చివర 39కి కలపండి. ఒక్క లగ్ (కాలికి తొడిగే వైరు చివరి రేకు) వదులైతే అక్కడి నుంచి అవతలున్న బటన్లన్నీ ఒకేసారి మూగబోతాయి. వరసగా నాలుగైదు బటన్లు పనిచేయకపోతే పిన్నుల జోలికి పోకుండా ముందు ఈ గొలుసునే వెతకండి. గొలుసు రెండో కొసను కూడా తెచ్చి 39 వైపు కలిపేస్తే ఒకచోట తెగినా ఇంకో దారి ఉంటుంది. జానెడు వైరుతో అయ్యే పని, తప్పక చేయండి.

పిన్నులకు తగిలించే ముందు మల్టీమీటరును బీప్ మోడ్‌లో పెట్టండి. ఒక కొస నల్ల గొలుసుకు, రెండోది ఒక్కో బటన్ వైరుకు. నొక్కితే మోగాలి, వదిలితే ఆగాలి. నొక్కకముందే మోగి, నొక్కితే ఆగితే మీరు ఎన్‌సి కాలికి కలిపినట్టు. పది వైర్లూ సరిపోయాక బోర్డుకు తగిలించి, ఏ పిన్ను ఏ బటనో ఒక కాగితం మీద రాసి పెట్టె లోపలి గోడకు అంటించండి. వచ్చే పాఠంలో కరెంటు ఇచ్చి ఒక్కో పిన్నుకు ఒక్కో కీ కేటాయించేటప్పుడు ఆ కాగితమే చూసుకుంటాం.